మార్తమ్మగారి కొబ్బరి లౌజు

ఒక సంగతి లోపల పెట్టుకుని చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. పైకి చూస్తే ఏమంత పెద్దది కాదు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవరి ఆస్తీ కాజెయ్యలేదు. పంచాయితీ దాకా వెళ్ళే విషయమే కాదు. ఒక ఫోటో తీసేసి, దాని చోట ఇంకో ఫోటో పెట్టాను. అంతే. అంతే అయితే ఇన్నాళ్ళూ కక్కలేక మింగలేక ఎందుకున్నాను? మా ఆయనతో చెప్పలేదు. మా అమ్మతో చెప్పలేదు. ఆదివారం పూట చెల్లెలు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడినా ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయేది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీతో చెబుదామని కూర్చున్నాను. చెబుతూ చెబుతూ నన్ను నేను వెనకేసుకొస్తాను, నా బుద్ధి నాకు తెలుసు. మీరు గమనించుకోండి.

పేరు చెప్పను. మలికిపురం దగ్గర ఒక ఊరు మాది. కొబ్బరి తోటలూ కాస్త వరిచేనూ ఉన్న కుటుంబంలోకి కోడలిగా వచ్చాను. నేను కాపురానికి వచ్చేసరికే మా అత్తయ్యగారు మిఠాయిలు చేయించి అమ్ముతున్నారు. సున్నుండలు, కజ్జికాయలు, జంతికలు, వాటన్నిటికీ మించి కొబ్బరి లౌజు. పెళ్ళిళ్ళ కాలంలో రాజోలు నుంచి, అమలాపురం నుంచి ఆర్డర్లు వచ్చిపడేవి, ఊపిరి సలిపేది కాదు. మూఢం వచ్చిందంటే మాత్రం పొయ్యి ఆరిపోయేది. పొయ్యి ఆరితే అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఇళ్ళకు పోయేవాళ్ళు. మళ్ళీ ముహూర్తాలు మొదలయ్యే దాకా వాళ్ళ సంగతి మాకు తెలియదు, మేం అడిగేవాళ్ళమూ కాదు.

నేను కంప్యూటర్ల డిగ్రీ చదివాను. ఆ చదువు గూట్లో పెట్టి గిన్నెలు సర్దుకుంటుంటే అత్తయ్యగారే ఒకరోజు పిలిచారు. మన సరుకు ఎక్కడెక్కడి వాళ్ళూ కొనుక్కునేలా ఏదో పెడతారటగా, అది పెట్టు అన్నారు. ఏడాది పొడుగునా పొయ్యి ఆరకూడదమ్మా, అది చేసి చూపించు చాలు అన్నారు. ఎవరైనా నా చదువును నమ్మి ఒక పని అప్పగించడం అదే మొదలు. ఉబ్బిపోయాను.

వెబ్‌సైటు పెట్టాను. పెట్టగానే సరిపోదని తర్వాత తెలిసింది. అంగట్లో కూర్చున్నవాడు కొనడానికి వచ్చినవాళ్ళ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూస్తాడు కదా, అలా చూసిపెట్టే పనిముట్లు వెబ్‌సైట్లకూ ఉన్నాయి. ఎవరొచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పేజీలో ఎంతసేపున్నారు, ఎక్కడ విసుగొచ్చి వెళ్ళిపోయారు, అన్నీ లెక్కగట్టి గీతలుగా చూపిస్తాయి. వాటిల్లో లక్ష్యం అని ఒక గడి ఉంటుంది. మన వ్యాపారానికి ఏం కావాలో అందులో చెప్పాలి. ఆర్డరు మీట నొక్కడం నా లక్ష్యమని అందులో పెట్టాను. అత్తయ్యగారి పొయ్యి ఆరకూడదనే మాట ఆ గడిలోకి వచ్చేసరికి అలా మారింది.

ఇంకో పనిముట్టు ఉంది. వచ్చినవాళ్ళ వేలు తెర మీద ఎక్కడెక్కడ తిరిగిందో అదంతా పట్టి, తర్వాత సినిమాలా వేసి చూపిస్తుంది. మనిషి పేరు తెలియదు, ముఖం కనపడదు. పేజీ మీద ఒక చుక్క తిరుగుతూ ఉంటుంది, అదే ఆ మనిషి వేలు. దానికి నేను బాగా అలవాటు పడ్డాను. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక అదే చూస్తూ కూర్చునేదాన్ని. మిఠాయి ఎన్నాళ్ళు నిలవుంటుందో కనపడక జనం పేజీ అంతా వెతికి వెళ్ళిపోతున్నారని దాన్ని చూసే కనిపెట్టాను. ఆ మాట పైకి తెచ్చి పెద్ద అక్షరాలతో పెట్టాను. ఆర్డర్లు పెరిగాయి. మా కోడలు కంప్యూటర్లో చూసి అవతలివాళ్ళ మనసులో మాట చెప్పేస్తుందని అత్తయ్యగారు పేరంటాల్లో చెప్పుకునేవారు. నేనూ నమ్మేశాను. అక్కడే చెడింది.

ఇప్పుడు మార్తమ్మ గురించి చెప్పాలి.

మార్తమ్మ మా లౌజు చేసే మనిషి. పేటలో ఉండేది, చర్చి పక్క వీధిలో. వాళ్ళ పెద్దవాళ్ళు మా మావయ్యగారి పెద్దవాళ్ళ పొలాల్లో పనిచేసినవాళ్ళు. వయసులో మా అమ్మకంటే పెద్దది. ఒక్కతే కూతురు, కాకినాడలో నర్సు. మార్తమ్మ లౌజు చేస్తే పంటికి తగిలీ తగలకుండా కరిగిపోయేది. నోరు ఊరుకునేది కాదు. కొబ్బరికాయతో మాట్లాడేది, పొయ్యితో పోట్లాడేది. పాకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. “కాసేపు ఊరుకోండమ్మా, పాకం వింటంది” అనేది. నేను వెళ్ళి నిలబడినా అదే మాట. నాకది నచ్చేది.

వంట షెడ్డు మా పెరటి చివర ఉంది. సెగ ఇంట్లోకి రాకూడదని అక్కడ వేయించామని అత్తయ్యగారు చెప్పేవారు. నిజమే అయ్యుండచ్చు. ఇంట్లో వ్రతం, పూజ ఏదైనా ఉంటే మాత్రం ఆ రోజు లౌజు అత్తయ్యగారే మడి కట్టుకుని ఇంట్లో పొయ్యి మీద చేసేవారు. అది ఎప్పుడూ కుదిరేది కాదు. ఒకసారి రాయిలా, ఒకసారి జావలా వచ్చేది. కళ్ళకద్దుకుని తినేవాళ్ళం. క్రిస్మస్ నాడు మార్తమ్మ మాకు పళ్ళు తెచ్చేది. బత్తాయిలు, యాపిల్సు, ఒక అరటి గెల. ఏడాదంతా ఊరూరా వెళ్ళే మిఠాయి చేసే మనిషి, తన పండక్కి మా ఇంటికి చేత్తో వండింది ఏదీ తెచ్చేది కాదు. ఎందుకు తేవని మేం అడగలేదు. తెలిసిన సంగతి అడగక్కర్లేదు కదా.

ఒక్కో మిఠాయికి ఒక్కో పేజీ పెట్టి, చేసేవాళ్ళ ఫోటో కూడా పెడదామని నాకే తోచింది. సున్నుండల పేజీలో అత్తయ్యగారిని నా ఫోనుతోనే తీసి పెట్టాను. లౌజు మా ప్రధానమైన సరుకు కాబట్టి దానికి ఘనంగా ఉండాలని రాజోలు నుంచి పెళ్ళి ఫోటోలు తీసే అతన్ని పిలిపించాను. మార్తమ్మ క్రిస్మస్ చీర కట్టుకుని వచ్చింది. మెడలో సన్న గొలుసు, దానికి చిన్న శిలువ. కొబ్బరి తురుము పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆ ఫోటోగ్రాఫరుకు పెళ్ళి ఫ్లెక్సీలు చేసే అలవాటు. వెనక కొబ్బరి తోట అతికించి, మీద బంగారు రంగు అక్షరాలు పరిచి, పేరు ఫోటోలోనే కలిపేసి పంపించాడు. మార్తమ్మగారి కొబ్బరి లౌజు. ఉన్నది ఉన్నట్టు పేజీకి నెత్తి మీద పెట్టేశాను. అందులో గారు అని చేర్చమన్నది నేనే. మర్యాద కోసమని చెబితే అబద్ధం. చూడ్డానికి బాగుంటుందని చేర్చమన్నాను.

నా ఫోనులో చూపిస్తే మార్తమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “నా పేరు పక్కన గారు పెట్టేరేటండీ” అంది. మళ్ళీ చూపించమంది. కూతురు ఆ బొమ్మ తన ఫోనులో అందరికీ కనపడేలా పెట్టుకుంది. చర్చిలో ఆడవాళ్ళ కూడికలో కూడా చూశారట. షెడ్డులో మిగతావాళ్ళు కొన్నాళ్ళు ఆటపట్టించారు. మార్తమ్మగారండీ, కాస్త బెల్లం ఇటివ్వండి, మార్తమ్మగారండీ, తమరు లేస్తే పీట తీసుకుంటామండి. మార్తమ్మ కూడా బెట్టు చేసేది. గరిటె ఎత్తి చూపించి, గారు అన్నాక ఇంక నేను లేవనమ్మా అనేది.

ఆ తర్వాత వారాల్లో పనిముట్టు తెరిచి చూస్తే లౌజు పేజీకి జనం వస్తున్నారు. ఆర్డరు మీట దాకా రావట్లేదు. సున్నుండల పేజీ గీత పైకి పోతోంది, లౌజు గీత నేలకు కరుచుకుని ఉంది. మా ఊరివాళ్ళు ఎగబడి తినే లౌజు అది. ఏమిటీ వింత అనుకుని ఆ వేళ్ళ సినిమా వేసుకుని కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు. చుక్క వస్తుంది. సరిగ్గా మార్తమ్మ ఫోటో మీద ఆగుతుంది. కాస్త కిందికి జరుగుతుంది, మళ్ళీ పైకి వస్తుంది. ఆగుతుంది. వెళ్ళిపోతుంది. ఇంకొకరు, అదే తంతు.

నాకప్పుడు తట్టింది. తట్టిందని అంటున్నాను కానీ అది కొత్తగా ఎక్కడి నుంచో వచ్చింది కాదు. వాళ్ళు పేరు చదువుతున్నారు. మెడలో శిలువ చూస్తున్నారు. నోట్లో పెట్టుకునేది కదా, ఆలోచించి వెళ్ళిపోతున్నారు. ఇదీ నేను అనుకున్నది. ఎవరు చెప్పారు నాకు? ఒక్కరు ఫోను చెయ్యలేదు. ఒక్కరు ఒక్క ముక్క రాయలేదు. ఒక చుక్క ఆగింది, దాని వెనక ఆలోచన నేను చేర్చాను. ఎంత తొందరగా చేర్చానంటే, చేర్చానని కూడా నాకు తెలియలేదు. ఇది నా మాట కాదు, కొనేవాళ్ళ మాట అనుకున్నాను. అంకెలకు కులం ఉండదు కదా అనుకున్నాను. ఆ మాట నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అత్తయ్యగారికి ల్యాప్‌టాప్ తిప్పి చూపించాను. రెండు గీతలూ పక్కపక్కన పెట్టి, ఇదిగో ఈ పేజీలో, ఈ ఫోటో దగ్గర, అంటూ నసిగాను. వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు ఆవిడ. చదువుకున్నదానివి, నీకు తెలుసు కదమ్మా అని కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు. ఆ మాట ఆవిడ నోట రాలేదు, నా నోటా రాలేదు.

అత్తయ్యగారి అక్క ఒకావిడ ఉన్నారు, మాకు పెద్దత్తయ్య. నిండుగా ఉంటారు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, పట్టుచీర. ఆవిడ జన్మలో లౌజు చెయ్యలేదు. కొబ్బరి కోరమంటే కోరుడు పీట ఎటు తిప్పాలో తెలియదు. పళ్ళెం చేతికిచ్చి, వీధి అరుగు మీద కూర్చోబెట్టి, నా ఫోనుతో ఒక ఫోటో తీశాను. కింద బామ్మగారి కొబ్బరి లౌజు అని నేనే అక్షరాలు టైపు చేశాను. మార్తమ్మ ఫోటో తీసేశాను. దీన్నే పరీక్ష అంటారు మా పనిలో. ఒకటి తీసి ఒకటి పెట్టి, ఏది నెగ్గుతుందో చూడటం. బామ్మగారు నెగ్గారు. లౌజు గీత లేచింది. మూఢంలో కూడా హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఆర్డర్లు వచ్చాయి. పొయ్యి ఆరలేదు. నా లక్ష్యం గడి నిండింది.

మార్తమ్మ నన్ను అడిగింది ఒక్కసారే. షెడ్డు గుమ్మంలో, చేతులు కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

“చిన్నమ్మగారండీ, మా అమ్మాయి ఫోన్లో చూత్తే నా బొమ్మ రాట్లేదంటండి.”

“కంప్యూటర్లో ఏదో రిపేరు మార్తమ్మా. మళ్ళీ పెడతానులే.”

“ఆయ్. తొందరేం లేదండి, కుదిరినప్పుడే పెట్టండి.” రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. “ఎవరన్నా ఏవన్నా అన్నారేటండీ?”

“ఛ. ఎవరంటారు? నువ్వు మరీను.”

నా ముఖంలోకి చూసింది. చాలాసేపేం కాదు. తర్వాత “ఆయ్” అంది.

గోదావరి వైపు మనుషులకు ఆ మాట గురించి నేను చెప్పక్కర్లేదు. రోజులో ఎన్నిసార్లు అంటామో లెక్కే లేదు. సరేనని అంటాం, విన్నానని అంటాం, మీరెలా అంటే అలాగేనని అంటాం. ఆ రోజు మార్తమ్మ అన్న ఆయ్ ఏ రకం ఆయో నాకు తెలుసు. ఎవరంటారు అన్నాను కదా, అది ఒక్కటే నేను చెప్పిన నిజమని నాకప్పటికింకా తెలియదు.

ఆ తర్వాత మార్తమ్మ ఆ ఊసే ఎత్తలేదు. కూతురు కూడా ఎత్తలేదు. ఆ పిల్ల చదువుకున్నది, ఆ కొత్త పేజీ చూసే ఉంటుంది, చూస్తే అర్థమయ్యే ఉంటుంది. షెడ్డులో గారు పిలుపులు వాటంతట అవే ఆగిపోయాయి. బామ్మగారి పేరు జనానికి అలవాటైపోయిందని అత్తయ్యగారు అట్టపెట్టెల మీద కూడా ఆ ఫోటోనే అచ్చు వేయించారు. ఆ పెట్టెలు మడిచి లౌజు సర్దేది మార్తమ్మే. ఒకరోజు పెట్టె మీది బొమ్మను చూస్తూ, “మీరు నవ్వుతా కూకోండి బామ్మగారూ, పాకం నే చూసుకుంటాగా” అంది. షెడ్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వానేమో కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నాకు నేను ఏం చెప్పుకున్నానో కూడా రాయాలి. పొయ్యి ఆరకపోవడం వల్ల మార్తమ్మకే కదా పని నిలబడింది అనుకునేదాన్ని. ఫోటో ఉంటే కూడు పెడుతుందా అనుకునేదాన్ని. లోకం అలా ఉంటే నేనేం చెయ్యను అనుకునేదాన్ని. లోకం మీదికి నెట్టేస్తే ఎంత సుఖమో. ఒక పక్క జాలి కూడా పడేదాన్ని. పాపం మార్తమ్మ, జనం ఎంత దుర్మార్గులో అని. మనసారా జాలిపడ్డాను నేను. ఇది తలుచుకుంటేనే అన్నిటికంటే సిగ్గుగా ఉంటుంది.

అలా కొన్నాళ్ళు గడిచాయి. జంతికలకు కూడా మంచి ఫోటో కావాలని అత్తయ్యగారు ముచ్చటపడ్డారు. మళ్ళీ ఆ రాజోలు అతనే వచ్చాడు, మళ్ళీ ఫ్లెక్సీలాంటి ఫోటో పంపాడు, ఉన్నది ఉన్నట్టు పేజీ నెత్తి మీద పెట్టాను. అత్తయ్యగారు నల్లపూసలు, నాలుగు పేటల గొలుసు, చేతిలో జంతికల గొట్టంతో మహరాణిలా ఉన్నారు. కొద్దిరోజులకు జంతికల గీత నేలకు కరుచుకుంది. వేళ్ళ సినిమా వేసుకున్నాను. చుక్క వచ్చింది. అత్తయ్యగారి ఫోటో మీద ఆగింది. కాస్త కిందికి, మళ్ళీ పైకి. ఆగింది. వెళ్ళిపోయింది.

ఇదేమిటి, ఈవిడలో వీళ్ళకేం కనపడింది అనుకున్నాను. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఈసారి నాకు జవాబు తయారుగా లేదు. అత్తయ్యగారి విషయంలో కారణం వెతకాలని తోచింది. మార్తమ్మ విషయంలో వెతకాలనే తోచలేదు.

అయినా ఆ రోజు తేలలేదు. ఇంకొన్ని రోజులకు నరసాపురంలో పనుండి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డాను. పంటు అవతలి ఒడ్డునే ఉంది. ఎండగా ఉంది. ఊసుపోక ఫోను తీసి మా వెబ్‌సైటే తెరిచి, జంతికల పేజీ నొక్కాను. ఏమీ రాలేదు. తెర తెల్లగా ఉంది. మధ్యలో ఒక సున్నా గిరగిరా తిరుగుతోంది. రేవులో సిగ్నలు అంతంతమాత్రమే. వస్తుందేమోనని వేలితో కాస్త కిందికి జరిపాను. తెలుపే. మళ్ళీ పైకి జరిపాను. ఆపాను. ఎదురు చూశాను. విసుగొచ్చి మూసెయ్యబోయి, నా వేలి వంక చూసుకున్నాను.

ఆ వేలు చేసింది ఏమిటో నేను రోజుల తరబడి చూసి ఉన్నాను.

పంటు వచ్చి, జనం ఎక్కి, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. వెనక్కి ఇంటికి వచ్చి పనిముట్టులో నేనెప్పుడూ తెరవని భాగం తెరిచాను. పేజీ తెరుచుకోడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే భాగం అది. అక్కడ ఎర్ర రంగులో మొదటి నుంచీ ఉంది. ఆ ఫోటోగ్రాఫరు పంపినవి గోడ మీద ఫ్లెక్సీ కట్టడానికి సరిపోయేంత పెద్ద ఫోటోలు. మామూలు ఫోనులో, అంతంతమాత్రం సిగ్నలులో అవి తెరుచుకోవు. తెల్లగా ఉండిపోతాయి. నేను ఫోనుతో తీసిన సున్నుండల ఫోటో చిన్నది, వెంటనే వచ్చేది. బామ్మగారిదీ నా ఫోనులో తీసిందే. అంతే తేడా. ఇంకేం లేదు.

మరి ఆ వేళ్ళ సినిమాలో మార్తమ్మ ఫోటో కనిపించేది కదా అంటారా? ఆ పనిముట్టు వాళ్ళ వేలి కదలికలు మాత్రమే పట్టి తెస్తుంది. వెనకున్న పేజీని నా కంప్యూటర్లో మళ్ళీ గీసి చూపిస్తుంది. మా ఇంట్లో నెట్ బాగా వస్తుంది కాబట్టి నాకు ఫోటో నిండుగా, బంగారు అక్షరాలతో సహా కనపడేది. వాళ్ళకు తెలుపు. వాళ్ళు శిలువ చూడలేదు. పేరు చదవలేదు, పేరు కూడా ఆ ఫోటోలోనే ఉంది. ఏదో వస్తుందని ఎదురు చూసి, రాక, వెళ్ళిపోయారు. మార్తమ్మ ముఖం చూసింది నేనొక్కదాన్నే. చూసి మొహం తిప్పుకున్నదీ నేనే.

అలాగని ఫోటో వచ్చి ఉంటే అందరూ కొనేవాళ్ళని చెప్పను. కొందరు నిజంగానే పేరు చూసి వెళ్ళిపోయేవాళ్ళేమో. మన మనుషులు మనకు తెలియదా. కానీ అది నాకు తెలియదు. ఆ పరీక్ష నేను పెట్టలేదు. పెట్టకుండానే ఫలితం రాసేసుకున్నాను.

ఆ సాయంత్రమే అత్తయ్యగారి ఫోటో చిన్నది చేసి పెట్టాను. జంతికలు అమ్ముడుపోయాయి. మా కోడలు మళ్ళీ కనిపెట్టిందని అత్తయ్యగారు మురిసిపోయారు. మార్తమ్మ ఫోటో కూడా చిన్నది చేశాను. ఎవరికీ కనపడకుండా ఒక పేజీలో పెట్టి, ఫోను పట్టుకుని తోట చివరికి పోయి, సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే చోట నిలబడి తెరిచాను. వెంటనే వచ్చింది. చీర, గొలుసు, నవ్వు ఆపుకుంటున్న మూతి, మార్తమ్మగారి కొబ్బరి లౌజు. కొబ్బరిచెట్ల కింద అలా నిలబడి కాసేపు ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని ఇంట్లోకి వచ్చాను.

ఆ పేజీ అందరికీ కనిపించేలా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని మీరు అడగాలి. పెట్టెల మీద బామ్మగారి అచ్చు పడిపోయింది. ఆ పేరు పెట్టి వెతుక్కుంటూ జనం వస్తున్నారు, అదీ పనిముట్టే చెప్పింది. ఇప్పుడు మారిస్తే అత్తయ్యగారికి కారణం చెప్పాలి. కారణం చెబితే, నేను అవతలివాళ్ళ మనసులో మాట చదవలేదని, నా మనసులో మాటే వాళ్ళ నోట పెట్టానని ఒప్పుకోవాలి. అదే చెయ్యలేకపోయాను. వ్యాపారం మీద మమకారం అని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. వ్యాపారం కాదు, నా తెలివి మీద మమకారం. రోజూ షెడ్డులోకి వెళ్ళేదాన్ని, రోజూ మార్తమ్మ కనపడేది, ఇవాళ చెబుదామని నోరు తెరిస్తే ఉప్పు ఉందా, బెల్లం సరిపోయిందా అని వచ్చేది.

మోకాళ్ళ నొప్పులు ముదిరి మార్తమ్మ పొయ్యి దగ్గర కూర్చోలేకపోయింది. కూతురు వచ్చి కాకినాడ తీసుకుపోయింది. వెళ్ళేముందు అత్తయ్యగారు చీర పెట్టారు. నేను పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు లౌజు వాళ్ళ బంధువులమ్మాయే చేస్తోంది, బాగానే చేస్తోంది. కాబట్టి ఇప్పుడు మార్తమ్మ ఫోటో పెడితే అది ఇంకో అబద్ధమవుతుంది. పెట్టగలిగినన్నాళ్ళు పెట్టలేదు. ఇప్పుడు పెట్టడానికి లేదు. దిద్దుకోడానికి కూడా ఒక కాలం ఉంటుంది, అది దాటిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

క్రిస్మస్‌కు చర్చి కోసం ఊరికి వస్తుంది. కిందటిసారి కూడా కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. బత్తాయిలు తెచ్చింది. వీధి అరుగు మీద కూర్చుంది, పెద్దత్తయ్యను కూర్చోబెట్టి నేను ఫోటో తీసిన అరుగు అదే. అత్తయ్యగారి ఆరోగ్యం అడిగింది, పాకం కుదురుతోందా అని అడిగింది. కుదురుతోంది అన్నాను. ఆయ్ అంది. ఇంకేం అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నేమో అని ఇప్పుడు అనుకుంటున్నాను. అది కూడా నన్ను నేను వెనకేసుకు రావడమే. అడగాల్సింది ఆ మనిషి ఒక్కసారి అడిగింది, చాలు.

ఇది రాశాక తేలికపడ్డానా అంటే పడ్డాను. దాచను. ఇన్నేళ్ళకు ఇవాళ మొదటిసారి ఊపిరి నిండా తీసుకున్నట్టుంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని కూడా తెలుసు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు, మీకు చెప్పాను. వచ్చే క్రిస్మస్‌కు చెబుతానని మాట ఇవ్వను. నా మాటల సంగతి ఇప్పటికి మీకు తెలిసిపోయింది.

ముగిద్దామని మొదటి నుంచీ ఒకసారి చదువుకున్నాను. అత్తయ్యగారు అన్నారు, ఆవిడ మురిసిపోయారు, పెద్దత్తయ్య ఒకావిడ ఉన్నారు అని రాశాను. మార్తమ్మ వచ్చింది, అంది, నవ్వింది, వెళ్ళింది అని రాశాను. మా అమ్మకంటే పెద్ద మనిషి. తప్పు ఒప్పుకోడానికి కూర్చుని కూడా అలాగే రాశాను, రాస్తున్నప్పుడు నాకు తెలియనేలేదు. వెనక్కి వెళ్ళి అన్నీ దిద్దుదామనుకున్నాను. దిద్దలేదు. నేను ఎలాంటిదాన్నో మీకు కనపడాలి కదా, ఉండనివ్వండి. పైన పేరు మాత్రం ఇందాకటి దాకా లేదు. ఇప్పుడు రాశాను.